గ్రీన్ పడి ఒక్క సెకండు కూడా కాలేదు

ఇందాక నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లో సిగ్నల్ దగ్గర కారు ఆపాను. గ్రీన్ పడింది. పడి ఒక్క సెకండు కూడా కాలేదు, ఒట్టు. వెనకాల బండి మీద ఒక పోరడు హారన్ మీద బొటనవేలు పెట్టి తియ్యడే! అంతటితో ఊరుకున్నాడా? నా పక్కనుంచి దూరుతూ, కిటికీలోకి తల వంచి మరీ, "ఏం తాతా, నిద్రవోతున్నవా? ఇంట్ల కూసోరాదు?" అని పోయాడు. హెల్మెట్ లేదు. వెనక ఇద్దరు. నంబర్ ప్లేటు మీద నంబరు ఉండాల్సిన చోట హీరో బొమ్మ.

ఇంటికొచ్చి రెండు గంటలైంది. చాయ్ చల్లారింది, నేను చల్లారలేదు.

తాత అన్నందుకు కాదండీ. మనవరాలుంది, తాతనే. నిద్రపోతున్నావా అన్నాడు చూడండి, అక్కడ మండింది. నిద్ర సంగతి నాకు చెప్తాడా వాడు? 1978లో పదహారేళ్ళకు క్లీనర్‌గా లారీ ఎక్కినవాణ్ణి. మిర్యాలగూడలో మిల్లు దగ్గర పొద్దంతా బియ్యం బస్తాలు లోడింగు, చీకటి పడ్డాక బయలుదేరితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో దించాలి. నిద్రొస్తే కళ్ళ కింద బామ్ రాసుకునేవాళ్ళం. అదీ పనిచెయ్యకపోతే పచ్చిమిరపకాయ కొరికేవాళ్ళం. ఆ మంటతో చిట్యాల దాకా వచ్చేది బండి. ఈ పోరడికి నిద్రంటే రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి పొద్దున పదింటికి లేవడం.

హారన్ అంటారా, హారన్ మేమూ కొట్టాం. ఊరికే కొట్టలేదు. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డులో అడవిలో దిగుతుంటే, ఈగలపెంట మలుపుల దగ్గర, ఎదురుగా ఏమొస్తుందో కనపడదు. అక్కడ కొట్టాలి. కొట్టి ఆగాలి. అవతలివాడు కొడతాడు. కింద లోడు బండి ఉందని అర్థం, మనం ఓరగా ఆపుకుంటాం. అదొక మాట, దానికొక జవాబు. ఇప్పుడు ఆ దారి రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తీస్తారు. పులులున్న అడవి కదా, జంతువులకు ఇబ్బంది కాకూడదని. మంచిదే. ఆ పులులకున్న మర్యాద క్లాక్ టవర్ దగ్గర మనుషులకు కూడా రాత్రి కాకపోతే పగలైనా ఇప్పిస్తే బాగుండు.

మాకు వెనక అద్దం అంటే క్లీనరే. రివర్స్ తీస్తుంటే వెనక నిలబడి బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ, రానీ, రానీ" అంటాడు. గట్టిగా ఒక్కటి చరిచాడంటే ఆపాలని. ఇప్పుడు మా అబ్బాయి కారులో వెనక కెమెరా, టీవీ, కుయ్ కుయ్ అని చప్పుడు. అన్నీ ఉండి మొన్న మా గేటుకే గుద్దాడు. అడిగితే "సెన్సార్ ప్రాబ్లం డాడీ" అంటాడు. మా కాలంలో సెన్సార్ ప్రాబ్లం వస్తే వీపు పగిలేది. నాకే పగిలింది రెండుసార్లు.

మా టాటా 1210 లారీ స్టీరింగ్ ఒక్కసారి తిప్పి చూడమనండి ఆ పోరణ్ణి. పవర్ స్టీరింగ్ కాదది, భుజాలతో తిప్పాలి. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, లేకపోతే గేరుబాక్సు చేసే చప్పుడుకు పక్కన కూర్చున్న సేటు అది మన జీతంలోంచి పోతుందన్నట్టు మన మొహంలోకి చూస్తాడు. నిజంగానే పోయేది. ఒకసారి కట్టంగూరు దగ్గర ముందు టైరు పగిలింది. అప్పటికే అది గుండు టైరు, గీతల్లేవు, మార్చమని నెల నుంచీ చెప్తున్నా. బండి బోల్తా పడకుండా ఆపినందుకు శభాష్ అంటాడనుకున్నా. టైరు డబ్బులు మూడు నెలలు కోశాడు.

సరే, ఎక్కడికో పోతున్నా. రోడ్ల సంగతి చెప్పాలి. విజయవాడ రోడ్డు మాకు తొమ్మిదో నంబరు. ఇప్పుడు అరవై అయిదట. నాలుగు లైన్లు వేశారు, సుఖమే, కాదనను. పంతంగిలో ఒకసారి, కొర్లపహాడ్‌లో ఒకసారి టోలు. 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి, లేకపోతే ఎక్కువ కట్టు. నాలుగు లైన్లు వేసినా చిట్యాల దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాడు వస్తూనే ఉంటాడు, లైటు కూడా వేసి నన్నే పక్కకు జరగమంటాడు. వాడికి ఏ ట్యాగూ అక్కర్లేదు.

ఇక కోతలొచ్చాయంటే మన జిల్లాలో రోడ్లో సగం కల్లం. వడ్లు ఆరబోస్తారు, చుట్టూ బండరాళ్ళు పెడతారు, రాత్రికి నల్లటి పట్టా కప్పుతారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, నల్ల రాయి. బండి మీద వచ్చేవాడికి ఏం కనపడుతుంది? నేను తిట్టేవాణ్ణే. కానీ మా తమ్ముడు కూడా పోస్తాడు, తిప్పర్తి రోడ్డు మీద. ఏమిరా అంటే, "తేమ ఉందని వడ్లు కొనే సెంటర్‌లో కాంటా వెయ్యరన్నా, నీ లారీలో ఆరబెట్టుకోనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కనీసం రాళ్ళకు సున్నం పూయరా అన్నాను. పూశాడు. అదీ తమ్ముడు కాబట్టి.

ఇప్పుడు అసలు మంట ఎక్కడో చెప్తాను. ఇంటికొచ్చి మా అబ్బాయికి ఈ హారన్ సంగతి చెప్పాను. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "నిజంగానే లేట్ అవుతున్నవ్ డాడీ, మొన్న నేనూ చూసిన" అన్నాడు. పైగా నవ్వు. కోడలు కూడా మొహం అటు తిప్పుకుంది, నవ్వాపుకోవడానికి. యాభై అయిదు దాటినవాళ్ళకు లైసెన్సు అయిదేళ్ళకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. మొన్ననే పెట్టాను, మొన్ననే ఇచ్చారు. డాక్టరుకు కనపడని ముసలితనం వీడికి కనపడింది. మొన్న సాగర్ పోతూ, హాలియా మీదుగా పోరా అని నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, ఫోన్‌లో అమ్మాయి చెప్పిందని కాలువ కట్ట ఎక్కించి, ఎదురుగా ట్రాక్టరొస్తే కిలోమీటరు దూరం వెనక్కి నడపలేక చెమటలు పట్టి స్టీరింగ్ నాకిచ్చింది ఎవరు? అప్పుడు లేటు కాలేదా నేను?

వీడి పెళ్ళి సంబంధాలప్పుడు బయోడేటా కొట్టించాడు. తండ్రి వృత్తి అన్నచోట "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అని ఉంది. నేను చూసింది కాపీలు పంచేశాక. ముప్పై అయిదేళ్ళు నడిపాను, ఒక్క లారీ కూడా నాది కాదు. ఏమిట్రా ఇది అంటే, "అందరూ అట్లనే రాస్తరు డాడీ" అన్నాడు. పెళ్ళిలో వియ్యంకుడు పది మంది ముందు అడిగాడు, "ఎన్ని లారీలున్నయి బావా?" అని. నేనేం చెప్పాలి? "ఉండేవి, అమ్మేసినం" అన్నాను. నా జీవితంలో స్టీరింగ్ ముందు అంత చెమట ఎప్పుడూ పట్టలేదు. ఇప్పటికీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన లారీల రేట్లు అడుగుతాడు. నేను చెప్తూనే ఉంటాను. వీడి ఇంజనీరింగ్ నాలుగేళ్ళ ఫీజూ ఆ స్టీరింగే కట్టింది మరి. డ్రైవర్ అని మూడక్షరాలు రాయడానికి కాగితంలో చోటు దొరకలేదు.

ఆ పోరడు నయం. వాడు నన్ను కిటికీలోంచి చూసి ముసలి డ్రైవర్ అనుకున్నాడు. డ్రైవరే అనుకున్నాడు.

సరే, రెండు సెకండ్లు అయి ఉండొచ్చు. మూడనుకోండి. ముందు ఒక ముసలామె బత్తాయిల గంప ఎత్తుకుని ఇంకా దాటుతోంది, వెనకున్న వాడికి ఆమె కనపడలేదు. ఈ ముక్క అబ్బాయికి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

గొడవయ్యాక కారు తాళం మాయమైంది. అడిగితే "ఎక్కడ పెట్టిన్నో మామయ్యా, వెతకాలె" అంటోంది కోడలు. ఫ్రిజ్ మీద, అటుకుల డబ్బా వెనక ఉంది. ఇక్కణ్ణుంచే కనపడుతోంది, కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు నేను. పొద్దున నాలుగున్నరకు వీళ్ళెవరూ లేవరు. మిర్యాలగూడ పోయి చాయ్ తాగి వీళ్ళు లేచేలోపు వస్తా.