టవర్ కింద డీజిల్ సంగతి కూడా రాయాల్సింది

టెలికాం కంపెనీలు కరెంటు ఆదా చేయడం మీద మీరు రాసిన ఆర్టికల్ బాగుంది కానీ సోలార్ ప్యానెల్ ఫొటో పెట్టేసి ఆ కంపెనీలన్నీ గ్రీన్ అయిపోయినట్టు రాశారు, అసలు కరెంటు ఎక్కడ ఖర్చవుతుందో చెప్పలేదు. ఆఫీసుల్లో ఎల్‌ఈడీ బల్బులు మార్చడం పైపై ముచ్చటండీ, సింహభాగం ఖర్చు మొబైల్ టవర్ల దగ్గరే. నేను నాలుగేళ్లు టవర్ సైట్లు చూశాను, పాత సైట్లలో పరికరాలు పెట్టడానికి ఒక షెల్టర్ గది, దానికి రెండు ఏసీలు, కరెంటు పోతే జనరేటర్, ఆ డీజిల్‌లో ఎంత ఇంజిన్‌లోకి పోయేదో ఎంత పక్క దారి పట్టేదో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత ఎండకీ వానకీ తట్టుకునే ఔట్‌డోర్ క్యాబినెట్లలో (బయటే ఉండే పెట్టెల్లో) ఆ పరికరాలు పెట్టడం వచ్చాక ఏసీలు పీకేశారు, లెడ్ యాసిడ్ బ్యాటరీల చోట లిథియంవి పెట్టారు, అవి గబగబా ఛార్జ్ అవుతాయి కాబట్టి జనరేటర్ తిరిగే గంటలు బాగా తగ్గాయి. ఒకే టవర్ మీద రెండు మూడు టెలికాం కంపెనీలు సర్దుకోవడం ఇంకో లాభం. అర్ధరాత్రి ట్రాఫిక్ లేనప్పుడు కొన్ని బ్యాండ్లని (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలని) సాఫ్ట్‌వేరే నిద్రపుచ్చుతుంది, మనకి తెలియను కూడా తెలియదు.

2012లోనే డాట్ (కేంద్ర టెలికాం శాఖ) చెప్పింది, 2015 కల్లా పల్లెల్లో 50 శాతం, పట్నాల్లో 20 శాతం టవర్లు హైబ్రిడ్ పవర్ మీద నడవాలని, అంటే గ్రిడ్ కరెంటుతో పాటు సోలార్ లాంటివి. మా సైట్ ఒకదాంట్లో ప్యానెల్స్ పెట్టారు, దుమ్ము తుడిచే మనిషిని మాత్రం పెట్టలేదు 😄

ఇక 5జీలో ఒక్కో జీబీకి అయ్యే కరెంటు తగ్గిందంటే నిజమే, కానీ మనం వాడే జీబీలు ఎన్ని రెట్లు పెరిగాయి? ఆ లెక్క కూడా వేసి రాయండి సార్.