ఓనరు కష్టం పగవాడికి కూడా వద్దు

బెంగళూరులో ఈ మధ్య నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఇంటి ఓనర్లను తిట్టుకోవడమే సరిపోతోంది. మారతహళ్లిలో టీ కొట్టు దగ్గరా అదే గోడు, కె.ఆర్.పురం మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ అదే గోడు. అద్దెకున్నవాళ్ల మీద జాలిపడటానికి ఊరంతా ఉంది. అయిదంతస్తుల బిల్డింగు, అందులో పన్నెండు పోర్షన్లు, నెలకు పన్నెండు అద్దెలు ఒంటిచేత్తో లెక్కపెట్టుకుంటున్న ఆ ఓనరు తరఫున మాట్లాడే నాథుడే లేడు. ఆ లోటు తీరుద్దామనే ఈ నాలుగు మాటలు.

నీళ్ల సంగతే తీసుకుందాం. కావేరి నీళ్లు మండ్య జిల్లా టి.కె.హళ్లి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు నడిచి, సుమారు అర కిలోమీటరు ఎత్తు ఎక్కి ఊళ్లోకి వస్తాయి. అంత పని చేసే ప్రభుత్వ జలమండలి 2014 తర్వాత మళ్లీ 2025 ఏప్రిల్ దాకా రేటు ముట్టుకోలేదు. పెంచినప్పుడు కూడా ఇళ్లకు లీటరు మీద పైసా మించలేదు. మా ఓనరు ఆ నీళ్లను సంపు నుంచి మూడో అంతస్తుకు ఎక్కిస్తాడు. ఆ ముప్పై అడుగులకు పోర్షన్‌కు నెలకు ఆరు వందలు. కొండలూ గుట్టలూ ఎక్కించడం ఏముంది, ఎవరైనా ఎక్కిస్తారు. అసలు కష్టమంతా మెట్ల దగ్గరే.

2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరు ఊరంతా బిందెలు పట్టుకుంది గుర్తుందా? అప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు రేట్లు కట్టింది. అయిదు కిలోమీటర్ల లోపైతే 12,000 లీటర్లకు వెయ్యి రూపాయలు. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. సరిగ్గా ఆ నెలలోనే మా మెయింటెనెన్స్ లెక్కలో ‘ట్యాంకరు’ అని ఒక లైను చేరింది. తర్వాత వానలు పడ్డాయి. అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ నీళ్లు మొదలయ్యాయి. ట్యాంకరు రావడం మానేసింది, లైను మాత్రం కదల్లేదు. తీసేయమని అడిగితే ఓనరు మనసు కష్టపెట్టుకున్నాడు.

“మళ్లీ కరువొస్తే ఏం చేస్తారు సార్? మీ మంచికే కదా పెట్టిండేది. కొంచెం అడ్జస్ట్ చేసుకోండి, పక్క బిల్డింగాయన ఇంకా ఎక్కువ తీసుకుంటా ఉండాడు.”

చెప్పడం మరిచాను, మా ఓనరు తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగాయన. అద్దె పెంచినా చక్కగా మన భాషలోనే పెంచుతాడు. పక్క బిల్డింగులో ఉండే మనవాళ్లకు ఆ భాగ్యం లేదు. పాపం, వాళ్లు పెంపును కన్నడంలో అర్థం చేసుకోవాలి.

చెత్త గురించి ఎక్కువ మాట్లాడను. 2025 ఏప్రిల్ నుంచి చెత్త రుసుమును ఇంటిపన్నుతో కలిపి ఓనరు దగ్గరే వసూలు చేస్తున్నారు. 4,000 చదరపు అడుగులు దాటిన ఇంటికైనా నెలకు 400 రూపాయలే. మా ఓనరు పోర్షన్‌కు వంద చొప్పున తీసుకుంటాడు. మిగిలిన ఎనిమిది వందలు ఎటు పోతున్నాయని అడిగిన సంస్కారహీనులు మా బిల్డింగులోనే ఉన్నారు. పన్నెండు మందికీ వాట్సాప్‌లో పేరుపేరునా గుర్తు చేసే శ్రమ వాళ్ల కంటికి ఆనదు.

కరెంటుకు 2023లో రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం వచ్చింది. నెలకు 200 యూనిట్ల లోపు, తమ పాత సగటును పెద్దగా దాటకుండా వాడుకునే ఇళ్లకు బిల్లు లేదు, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. కానీ ఊరికే వచ్చినదానికి మనిషి విలువ ఇవ్వడని మా ఓనరుకు ఎప్పుడో తెలుసు. అందుకే 200 యూనిట్లు ఇట్టే దాటిపోయేలా బిల్డింగు మొత్తానికి ఒకటే మీటరు, లోపల పోర్షన్‌కో సబ్‌మీటరు పెట్టాడు. 2025 ఏప్రిల్ నుంచి విద్యుత్ ఉద్యోగుల పెన్షన్, గ్రాట్యుటీ పేరిట బిల్లులో యూనిట్‌కు 36 పైసలు కలపడం మొదలుపెట్టారు. అది చూసి ముచ్చటపడి మా ఓనరు ‘వాచ్‌మన్ సంక్షేమం’ అని ఇంకో లైను పెట్టాడు. వాచ్‌మన్‌కు ఈ శుభవార్త ఇంకా చేరలేదు.

ఇంత జరుగుతుంటే చట్టం లేదా అంటారు. ఎందుకు లేదు, కర్ణాటక అద్దె చట్టం, 1999 నిక్షేపంలా ఉంది. కాకపోతే బెంగళూరులో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకు అది వర్తించదు. మా వీధిలో ఆ ధరకు దొరికేది కారు పార్కింగు ఒక్కటే. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం కూడా తెచ్చింది. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని అందులో రాసి ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అందాకా షాపులో బొమ్మకు కట్టిన చీర లాంటిది, బయట నిలబడి చూసి ఆనందించాలి.

ఆ అడ్వాన్సు దగ్గరే ఓనరు గొప్పతనం పూర్తిగా బయటపడుతుంది. బెంగళూరు ఆనవాయితీ పది నెలల అద్దె. ఈ మధ్య అయిదారు నెలలకు దిగిన దయామయులూ ఉన్నారు, మా ఓనరు సంప్రదాయవాది. 35,000 అద్దె ఇంటికి మూడున్నర లక్షలు. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 24,500, అంటే నెలకు రెండు వేల పైమాట. ఆ వడ్డీ మనం అడగం. అప్పిచ్చినవాడే అప్పు తీసుకున్నవాడికి నెలనెలా డబ్బు కట్టే ఏర్పాటు ఇది. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. పన్నెండో నెల వచ్చేసరికి మనకు ఇల్లూ పాతదే, ఓనరూ పాతవాడే, అద్దె ఒక్కటే కొత్తది.

కట్టలేక ఖాళీ చేస్తామంటే ఆయన అడ్డుపడడు. సెల్‌ఫోన్ టార్చి వేసుకుని గోడగోడా తడుముతూ వస్తాడు. వెంకన్న పటానికి కొట్టిన మేకు దగ్గర ఆగి, చిల్లులో చిటికెన వేలి గోరు పెట్టి లోతు చూస్తాడు. వంటింట్లో సింకు కుళాయి తిప్పి, కట్టి, మళ్లీ తిప్పుతాడు. పాలు పొంగించిన రోజు నుంచీ కారుతున్న ఆ కుళాయిని అప్పుడే మొదటిసారి చూసినట్టు, “ఏం సార్, ఇట్లా చేసినారు?” అంటాడు. పెయింటింగుకు ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటాడు. కొత్తవాళ్లు అవే గోడల మధ్య పాలు పొంగిస్తారు.

మిగిలిన డబ్బయినా చేతికి రావాలంటే చిన్న పని ఉంది. కొత్తవాళ్లు అడ్వాన్సు ఇస్తేనే పాతవాళ్లకు వాపసు. ఆ కొత్తవాళ్లను వెతికే బాధ్యత పాతవాళ్లదే. అందుకే మొన్నటిదాకా మెస్సులో ఓనరును శాపనార్థాలు పెట్టిన మా రెండో అంతస్తు కుర్రాడు ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లందరికీ వరుసగా ఫోన్లు చేస్తున్నాడు. “రండి బ్రో, ఇల్లు చూసి వెళ్లండి. గాలీ వెలుతురూ సూపరు. నీళ్లకు అస్సలు టెన్షన్ లేదు, ట్యాంకరు డబ్బులు కూడా ముందే తీసి పెడతారు. ఓనరు బంగారం, మన తెలుగువాడే.”