అడంగల్లో వసంతం, పొలంలో మంచు

మార్చి మూడో వారంలో మావాడు బోస్టన్ నుంచి ఫోన్ చేశాడు. "చలి పోయింది నాన్నా, ఇవాళ నలభై ఐదు. రేపు యాభై దాటుతుందంటున్నారు. ఇంక బయల్దేరండి" అన్నాడు. పల్నాడులో పుట్టి, సగం ఉద్యోగం రెంటచింతల చుట్టుపక్కలే వెలగబెట్టినవాణ్ణి. నలభై ఐదంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. "మధ్యాహ్నం బయటికెళ్ళకు, మజ్జిగలో ఉప్పేసుకుని తాగు" అని వాడికి జాగ్రత్తలు చెప్పాను. పెట్టెలోంచి రెండు స్వెట్టర్లు తీయించి ఆ జాగాలో మామిడి తాండ్ర సర్దించాను. ఆ నలభై ఐదు ఫారెన్‌హీట్ లెక్క అనీ, మన లెక్కలో ఏడు డిగ్రీలనీ లోగన్ విమానాశ్రయం అద్దాల తలుపులు వాటంతటవే పక్కకి జరిగినప్పుడు తెలిసింది.

ఇది నా సొంత గోడు అనుకునేరు, కాదు. ముప్ఫై మూడేళ్ళు రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. అడంగల్లో, అంటే ఊరి పొలాల లెక్కపుస్తకంలో, మాగాణి అని రాసి ఉంటుంది. మోకా మీదికి వెళ్ళి చూస్తే తుమ్మచెట్లూ, వాటికింద నాలుగు మేకలూ ఉంటాయి. అలాంటి పొలాలు ఎన్ని చూశానో లెక్కలేదు. బోస్టన్ వసంతం అచ్చంగా ఆ కోవకు చెందిన ఆస్తి. రికార్డు ప్రకారం మార్చి 20 నాటికి వచ్చేసింది. స్థల తనిఖీలో మాత్రం దొరకలేదు. ఆ తనిఖీ వివరాలను ప్రజాహితం దృష్ట్యా సమర్పించుకుంటున్నాను.

వసంతం తరఫున దాఖలైన కాగితాలు తక్కువేమీ కావు. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున దాదాపు దేశమంతా గడియారాలను గంట ముందుకు తిప్పుకుంటుంది. పంట రాకపోయినా పంట వచ్చినట్టు రాసేయడం నాకు తెలుసు గానీ, ఎండ రాకపోతే గడియారం ముల్లు మెలితిప్పడం ఇక్కడే చూశాను. రెండో కాగితం ఇంకా ఘనమైనది. మసాచుసెట్స్ రాష్ట్రానికి అధికారిక గ్రౌండ్‌హాగ్ ఒకటి ఉంది. మన పందికొక్కుకి బలిసిన చుట్టంలా ఉండే బొరియ జంతువు. పేరు మిస్ జీ. లింకన్ అనే ఊళ్ళో డ్రమ్లిన్ ఫార్మ్‌లో కాపురం. 2014లో అధికారిక హోదా కూడా దక్కింది. ఫిబ్రవరి 2న బయటికొచ్చి తన నీడ తాను చూసుకుంటే చలి ఇంకో ఆరు వారాలు, చూసుకోకపోతే వసంతం తొందరగా వచ్చేస్తుంది. మన దగ్గర వీఆర్వో రాసింది ఆర్ఐ చూడాలి, ఆర్ఐ రాసింది తహసీల్దారు చూడాలి, ఆపైన ఆర్డీవో ఉండనే ఉన్నాడు. ఇక్కడ మిస్ జీ మాటకి అప్పీలు లేదు. సరే, ఆవిడకి నీడ కనపడిందనే అనుకుందాం. ఆరు వారాలు వేసినా మార్చి 16తో గడువు చెల్లిపోవాలి కదా? నేను దిగింది ఆ తరవాతే. దిగిన మూడో రోజున మంచు కురిసింది.

ప్రతివాది, అంటే చలికాలం, తరఫున దొరికింది ఒకే కాగితం. కానీ గట్టిది. ఈ రాష్ట్ర పారిశుధ్య నియమావళి ప్రకారం సెప్టెంబరు 15 నుంచి మే 31 దాకా అద్దె ఇళ్ళల్లో పగలు కనీసం 68, రాత్రి 64 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి ఉండాలి. మావాడు లీజు కాగితాలు చూస్తూ యథాలాపంగా ఈ మాట అన్నాడు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. మే 31 దాకా! ఏడాదిలో ఎనిమిదిన్నర నెలలు చలికాలమని సర్కారువారే రాతమూలకంగా ఒప్పుకున్నారన్నమాట. ఇంకెక్కడి వసంతం? మా రోజుల్లో ఇలాంటి కాగితం ఒక్కటి దొరికితే ఆ కేసు సాయంత్రానికి తేలిపోయేది.

ఇక సాక్షులు. కింది అంతస్తు కుర్రాణ్ణి మెట్లమీద పట్టుకున్నాను. నిక్కరు వేసుకున్నాడు. బయట రెండు డిగ్రీలు. చేతిలో మూరెడు గ్లాసు, అందులో కాఫీ, కాఫీలో ఐసుముక్కలు గలగలమంటున్నాయి. డంకిన్ వాళ్ళది; ఆ దుకాణం 1950లో పక్కనున్న క్విన్సీలోనే పుట్టిందట, అందుకని ఈ ప్రాంతంవాళ్ళకి అది కులదైవం. "చలిగా లేదా బాబూ?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. "వసంతం కదా!" అన్నాడు. నేను మంకీ క్యాప్ కిందకి లాక్కున్నాను. ఈ సాక్షి వాంగ్మూలాన్ని ఎందుకు కొట్టివేయాల్సి వచ్చిందంటే, సాక్షి మోకాళ్ళు నీలంగా ఉన్నాయి.

రెండో సాక్ష్యం పబ్లిక్ గార్డెన్‌లో దొరికింది. 1837 నాటి తోట. అందులో హంసల పడవలున్నాయి, 1877 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. ఏప్రిల్ మధ్యకి గానీ నీళ్ళలో దిగవు. తరతరాల అనుభవం ఉన్నవాళ్ళు కదా, క్యాలెండర్ మాట నమ్మి తొందరపడరు. ఆ పక్కనే తల్లిబాతు, దాని వెనక వరసగా ఎనిమిది పిల్లలు, కంచు బొమ్మలు. ఊళ్ళోవాళ్ళు వాటికి టోపీలు, మఫ్లర్లు కడుతుంటారు. కంచు బాతుకి చలేస్తుందని తెలిసిన నగరానికి తన మోకాళ్ళ సంగతి ఎందుకు తెలియదో నాకు అంతుపట్టలేదు.

చలి ఎందుకు పోదో మా కోడలు చెప్పింది. ఎమ్మెస్ ఇక్కడే చేసింది కాబట్టి సాంకేతిక సాక్షి కింద లెక్క. నేల వేడెక్కినా సముద్రం వేడెక్కదట. ఏప్రిల్ మొదట్లో రేవులో నీళ్ళు నాలుగైదు డిగ్రీలకు మించవు. పొద్దున కాస్త ఎండ పొడుస్తుంది, జనం కోట్లు విప్పుతారు, అంతలో తూర్పుగాలి తిరుగుతుంది, పది నిమిషాల్లో మళ్ళీ మొదటికొస్తుంది. పైగా ఈ దేశంలో వాతావరణం పడమటినుంచి రావడం రివాజు. కానీ వసంతంలో ఒక రకం చలి ఈశాన్యంనుంచి, సముద్రం మీదుగా, ఇంటి వెనకవైపునుంచి వచ్చి కూర్చుంటుంది. దాన్ని వాతావరణ నిపుణులు కూడా దొడ్డిగుమ్మం పేరుతోనే పిలుస్తారట. దొడ్డిదారి నియామకాలు నాకు కొత్త కాదు. ఒకసారి లోపలికొచ్చాక వాటిని కదిలించడం ఎవరి తరమూ కాదని కోడలికి చెప్పాను. "అవును మామయ్యగారూ, రెండు మూడు రోజులుంటుంది" అంది.

అన్నట్టు, 1773 డిసెంబరులో ఈ ఊరివాళ్ళు 342 పెట్టెల తేయాకు పారబోసింది ఈ రేవులోనే. పన్నుమీద కోపం. పన్నులు వసూలు చేసిన శాఖవాణ్ణి కాబట్టి నా సానుభూతి ఎటువైపో చెప్పను. ఆ నీళ్ళలో టీ మాత్రం దిగి ఉండదు.

పాత రికార్డులు తిరగేస్తే మొదట నాకే కళ్ళు తిరిగాయి. 1997లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బోస్టన్‌లో 25.4 అంగుళాల మంచు పడింది. రెండడుగుల పైమాట. 2014-15 చలికాలం మొత్తానికి 110 అంగుళాలకు పైగా. వీధుల్లోంచి ఎత్తిన మంచంతా రేవు దగ్గర సీపోర్ట్‌లో గుట్టపోశారు. ఆ గుట్ట చివరి ముక్క కరిగిందని అధికారికంగా ప్రకటించింది 2015 జులై 14న. మనకి గోదావరి పుష్కరాలు వచ్చిన నెల అది. జులైలో మంచుగుట్ట! ఏ సర్వే నంబరులో, ఏ వర్గీకరణ కింద రాయాలి దాన్ని?

అయితే ఒక మాట. ఇలాంటి తేడాలు ఈ ఊరికి వసంతంతో మొదలవలేదు. బంకర్ హిల్ యుద్ధమని 1775 నాటి ప్రసిద్ధ యుద్ధం ఒకటుంది. జరిగింది చాలావరకు పక్కనున్న బ్రీడ్స్ హిల్ మీద. స్మారక స్తంభం కూడా బ్రీడ్స్ హిల్ మీదే, 221 అడుగుల ఎత్తున. పేరు మాత్రం బంకర్ హిల్. సర్వే నంబరు తప్పు పడితే మేం ఒక సవరణ పత్రంతో సరిచేసేవాళ్ళం. వీళ్ళు తప్పుమీద రాతి స్తంభం కట్టారు. నది దాటితే హార్వర్డ్. అక్కడి విగ్రహం కింద "జాన్ హార్వర్డ్, స్థాపకుడు, 1638" అని ఉంటుంది. ఆయన స్థాపకుడు కాదు, దాత. స్థాపించింది 1636లో. విగ్రహంలో ఉన్నది ఆయన పోలికా కాదు. ఒక్క పలకమీద మూడు బోగస్ నమోదులు! తెలుగు తల్లిదండ్రులు మాత్రం పిల్లలకి సీటొస్తుందని ఆ బొమ్మ ఎడమ బూటు తాకించి ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ మనవరాలిచేత తాకించాను, అది వేరే సంగతి.

బ్యాక్ బే అనే పేట గురించి వింటే మన హైదరాబాదు చెరువుల ఆసాములు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఒకప్పుడు అదంతా ఆటుపోట్లు ఆడే నీళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో దశాబ్దాల తరబడి రైళ్ళలో కంకర తెచ్చి పూడ్చారు. ఇవాళ ఊళ్ళో కెల్లా ఖరీదైన ఇళ్ళు అక్కడే. బఫర్ జోన్ లేదు, నోటీసులు లేవు, తెల్లవారుజామున వచ్చే బుల్డోజర్లు లేవు. పేరులో అఖాతం, నేలమీద బంగళాలు. తమాషా ఏమిటంటే, నా తనిఖీ మొత్తంలో వసంతం ఆనవాలు దొరికింది ఆ పూడ్చిన భూమిలోనే. కామన్‌వెల్త్ అవెన్యూలో, ఎండ తగిలే వైపు ఇళ్ళముందు, మాగ్నోలియా చెట్లకు ఒక్క ఆకు లేదుగానీ వేళ్ళంత మొగ్గలు. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఏమండీ, ఇవి పూసేదాకా ఉంటామా?" అంది. టిక్కెట్లు సెప్టెంబరు దాకా ఉన్నాయని గుర్తుచేశాను.

అంతకంటే ముందే పూసినవి గుంతలు. పగలు కరిగిన నీళ్ళు రోడ్డు పగుళ్ళలోకి దిగుతాయి, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, రోడ్డు పెచ్చులూడుతుంది. ఈ ఒక్క విషయంలో నాకు ఇంటిమీద బెంగ కలగలేదు.

ఉగాదికి యాష్‌లాండ్‌లోని శ్రీలక్ష్మి గుడికి వెళ్ళాం. ఏప్రిల్లో జరిగే మారథాన్ ఆ ఊరిమీదుగానే పోతుంది. ఆ పరుగుకూడా ఒక ఏడు ముప్ఫై డిగ్రీల ఎండలో, ఇంకో ఏడు ఎదురుగాలిలో గడ్డకట్టించే వానలో జరుగుతుంటుంది. 2012లో మొదటిది, 2018లో రెండోది. గుడి బయట సన్నగా మంచు రాలుతోంది. లోపల పురోహితుడు సంకల్పం చెప్పిస్తున్నాడు: "వసంత ఋతౌ, చైత్ర మాసే..." నా నోరు ఆగిపోయింది. దేవుడి సమక్షంలో, గోత్రనామాలతో సహా, తప్పుడు డిక్లరేషనా? పక్కనున్న పెద్దాయన, నంద్యాల వైపువారు, మోచేత్తో పొడిచి "చెప్పండి సార్, పదిహేనేళ్ళుగా చెబుతున్నాం" అన్నారు. చెప్పాను. ఇంటినుంచి మా ఆవిడ మూట కట్టి తెచ్చిన వేపపువ్వుతో పచ్చడి అయ్యింది. తెల్లారి నాలుగింటికి మంచు తోసే బండి తారురోడ్డును గీరుకుంటూ పోయింది. ఈ ప్రాంతపు కోయిల అదేనని రాసుకున్నాను.

కుర్చీ సంగతి చెప్పకుండా ఈ నివేదిక పూర్తవదు. మావాడుండేది డార్చెస్టర్‌లో, మూడంతస్తుల చెక్కింట్లో. మంచు పడితే కారు చుట్టూ పారతో గంటసేపు తవ్వాలి. తవ్వినవాడు ఆఫీసుకెళ్ళేముందు ఆ ఖాళీలో విరిగిన కుర్చీయో, చెత్తబుట్టో, ఇస్త్రీ బల్లో పెట్టిపోతాడు. ఇంక ఆ జాగా వాడిదే. నగరపాలక సంస్థవారు మంచు అత్యవసర పరిస్థితి ముగిశాక 48 గంటలదాకా దీన్ని చూసీచూడనట్టు పోతారు. సౌత్ ఎండ్ అనే పేటలో మాత్రం ఒప్పరు. ఆలోచించండి. ప్రభుత్వ రోడ్డు, వ్యక్తిగత అనుభవం, సాక్ష్యంగా ఒక కుర్చీ. పట్టా లేదు, పాస్‌బుక్ లేదు. పోరంబోకు ఆక్రమణ క్రమబద్ధీకరణకు మేం ముప్ఫై మూడేళ్ళు ఫైళ్ళు నడిపితే, వీళ్ళు దాన్ని ప్లాస్టిక్ కుర్చీతో తేల్చేశారు. మొదట మండిపడ్డాను. "ఇది చట్టవిరుద్ధం" అన్నాను. "చట్టం సంగతి వదిలేయండి నాన్నా, కుర్చీ తీస్తే టైర్లో గాలి తీస్తారు" అన్నాడు మావాడు.

ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ పడింది. మావాడు తవ్వి ఆఫీసుకెళ్ళాడు. అత్యవసర పరిస్థితి ఎవరూ ప్రకటించలేదు, కాబట్టి 48 గంటల రక్షణ వర్తించదు. ఉత్త కుర్చీ చట్టం ముందు నిలబడదనిపించి, నేనే వెళ్ళి అందులో కూర్చున్నాను. మంకీ క్యాప్, మావాడి కోటు, మా ఆవిడ శాలువా, ఒళ్ళో మామిడి తాండ్ర. భౌతిక స్వాధీనం కంటే గట్టి సాక్ష్యం లేదు. పదకొండింటికి మబ్బు విడింది. ఎదురింటి వాలునుంచి మంచు బొట్లు బొట్లుగా కారుతోంది. కింది అంతస్తు కుర్రాడు నిక్కరుతో, ఐసు కాఫీతో పోతూ "బ్యూటిఫుల్ డే!" అన్నాడు. "బ్యూటిఫుల్" అన్నాను. మాట బయటపడ్డాక గానీ నాకే తెలియలేదు. శాలువా కూడా అప్పటికే తీసి కుర్చీ వెనక వేసి ఉంది.

అక్కడ కూర్చునే సత్తెనపల్లి ఫోన్ చేశాను, మా ఆఫీసులో నాతో పనిచేసిన సీనియర్ అసిస్టెంటుకి. వేసవికి వాళ్ళమ్మాయి దగ్గరికి రాబోతున్నాడు, న్యూజెర్సీ.

"ఎట్లా ఉందండీ అక్కడ?" అన్నాడు.

"హాయిగా ఉందయ్యా. ఇవాళ నలభై ఎనిమిది. ఎండలో కూర్చున్నాను."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"ఈ వయసులో అదేం పనండీ, లోపలికెళ్ళి మజ్జిగ తాగండి" అన్నాడు.