మహారాజశ్రీ ఎంవోయూ గారికి

మహారాజశ్రీ అవగాహన ఒప్పందం ఉరఫ్ ఎంవోయూ గారి సముఖమునకు విశాఖ నుంచి ఒక ఆటో ప్రయాణికుడు వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

డివైడర్లకు కొత్త రంగు పడి, రాత్రికి రాత్రి కుండీల్లో పూలు పూశాయంటే పెట్టుబడుల సదస్సుకు తమరు ఊళ్లోకి వస్తున్నారని మాకు తెలిసిపోతుంది. 2017లో 10 లక్షల కోట్లకు పైగా పెట్టుబడుల మాట తెచ్చారు. 2023లో రెండు రోజుల్లో 13 లక్షల కోట్లు. 2025లో మళ్లీ 13 లక్షల కోట్ల పైమాటే. ప్రభుత్వాలు మారినా తమరి కళ తగ్గలేదు. చిన్న సందేహం మాత్రం ఉంది. 2024-25లో దేశం మొత్తానికి వచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి దాదాపు 81 బిలియన్ డాలర్లు. అంటే 7 లక్షల కోట్లు కూడా నిండలేదు. తమరి లెక్కలో దేశీ కంపెనీలూ ఉంటాయి, ఏళ్ల తరబడి పెట్టేదీ ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా పెళ్లిచూపులకొచ్చి పకోడీలు తిన్నవాళ్లందరినీ అల్లుళ్ల ఖాతాలో రాసుకుంటే ఎలాగండీ?

అల్లుడంటే ఫోక్స్‌వ్యాగన్ గుర్తొస్తుంది. 2005లో ఆ కార్ల ఫ్యాక్టరీ విశాఖకే అని సంబరపడ్డాం. సర్కారు 11 కోట్లు కట్టింది కూడా. తీరా చూస్తే ఆ డబ్బు అందుకున్న కంపెనీ అసలు ఫోక్స్‌వ్యాగన్ వాళ్లదే కాదు. ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌కు పోయింది. కట్నం ఇక్కడ, తాళి అక్కడ.

అలాగని తమరు ఎప్పుడూ ఉత్త చేతులతో వచ్చారని అనను. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో సంతకమైంది, 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. కరువు సీమలో! అయితే ఆ ఘనత తమరిది కాదు, గొల్లపల్లి రిజర్వాయరుది. హంద్రీ-నీవా నీళ్లు అక్కడికి చేరాయి, 500 ఎకరాలకు పైగా నేల ఒక్కచోట దొరికింది, బెంగళూరు విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది, చెన్నై వైపు కియా చుట్టమైన హ్యుందాయ్‌కి విడిభాగాలిచ్చే వాళ్లు ముందే ఉన్నారు. కొరియా వాడు ఫ్లెక్సీ చూసి రాలేదండీ, కొళాయి తిప్పి చూసుకుని వచ్చాడు.

ఇక తమరి పెద్దన్నగారు, అసలు సిసలు ఒప్పందం, ఆయన సంగతీ చూశాం. పవన, సౌర విద్యుత్తుకు 25 ఏళ్లకని చేసుకున్న ఒప్పందాలను రేటెక్కువని 2019లో మన సర్కారే తిరగదోడింది. జపాన్ రాయబారి ఉత్తరం రాయాల్సి వచ్చింది. పాత రేట్లే కట్టండని 2022లో హైకోర్టు చెప్పింది. డబ్బు పెట్టేవాడు మన రాయితీల పుస్తకం తెరిచే ముందు ఇలాంటివే చదువుతాడు. పెద్దన్నగారికే ఆ గతి పడితే, కోర్టు మెట్లెక్కే యోగ్యత కూడా లేని తమరెంత?

ఆటో వచ్చింది. ఉంటాను.

ఇట్లు,
తమరి ఫ్లెక్సీ నీడన నిలబడ్డ విశాఖ వాసి

తా.క.: 2017 నాటి తమరి ఫ్లెక్సీ మా వీధి ఇస్త్రీ బండికి పైకప్పుగా ఉంది. చుక్క కారదు. 10 లక్షల కోట్ల అంకె ఉన్న వైపు లోపలికి కట్టాడు, ఎండకు వెలిసిపోకూడదని.