మా పక్క ఫ్యాక్టరీ గ్రీన్ బెల్టు గారికి

మహారాజశ్రీ గ్రీన్ బెల్టు గారికి,

చిత్తూరు శివార్లలో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ప్రహరీకి ఆనుకుని రెండెకరాల తోతాపురి తోట ఉన్న రైతు రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప, ఫ్యాక్టరీ చుట్టూ చెట్ల వరుసలై నిలబడాల్సిన తమరిని చూసే భాగ్యం ఇన్నాళ్లూ కలగలేదు.

మొన్న ఆఫీసులో ప్లాను టేబుల్ మీద పరిచినప్పుడు మాత్రం కళ్లారా చూశాను. ఫ్యాక్టరీకి మూడు వైపులా పచ్చటి గుండ్రాలు. ఒక్క ఎండుటాకు లేదు, ఒక్క చీడ లేదు. తూర్పు వైపు వరుసలో ఒక చెట్టు తక్కువైనట్టుంది గానీ, అంత ముచ్చటైన వరుసలో అదొక దిష్టిచుక్క అనుకున్నాను.

ఇక నేల మీద సంగతి. తమరు ఉండాల్సిన చోట నీలం డ్రమ్ములున్నాయి, ఒకదాని మీద ఒకటి మూడు వరుసలు. నిండు డ్రమ్ము రెండొందల కిలోల పైమాటే. క్రిములు లేకుండా సంచిలో సీలు చేసిన గుజ్జుకి కోల్డ్ స్టోరేజీ అక్కర్లేదు. ఆ ఒక్క సుగుణమే తమరి ప్రాణం మీదికి తెచ్చింది. చల్లగది అక్కర్లేని సరుకుకి గది మాత్రం ఎందుకన్నారు. గది లేకపోయాక స్థలం కావాలన్నారు.

2025 సీజను గుర్తుందా? పాత గుజ్జే అమ్ముడుపోలేదు, కొత్త కాయ ఎక్కడ పెట్టుకోమంటారు అన్నారు. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 అని ప్రకటించారు. ధర సరే, కాయ దించుకునేవాళ్లేరీ? బంగారుపాళ్యం మార్కెట్‌కి తోలుకుపోయినవాళ్లదీ అదే తిప్పలు. ట్రాక్టరు క్యూలో నేను రెండు రాత్రులు పడుకున్నది సరిగ్గా తమరి పక్కనే. పగలు నీడ కోసం వెతికితే తమరు లేరు. డ్రమ్ముల నీడ ఉంది గానీ, అక్కడ కూర్చుంటే వీపు పెనం మీది దోసె.

ఇప్పుడు ఆ డ్రమ్ముల యార్డు చాలడం లేదట, వెనకున్న మూడెకరాలు కూడా కలుపుతామని అర్జీ పెట్టారు. దాని మీద విచారణ. స్థలంలో మూడో వంతు పచ్చగా ఉండాలని కాగితంలో ఉంది కాబట్టి ముందు అధికారులు తనిఖీకి వచ్చారు. ఆ రోజు పొద్దున్నే ట్రాక్టరు నిండా కానుగ మొక్కలు దిగాయి. నర్సరీ కవర్లతో సహా గుంతల్లో నిలబెట్టారు. సార్లు జీపు దిగి, ఫొటో తీసుకుని, మజ్జిగ తాగి వెళ్లారు. సాయంత్రానికి మొక్కలూ ట్రాక్టరెక్కి వెళ్లిపోయాయి. మా మేక ఒక్కటే తమరు నిజంగా వచ్చారని నమ్మి రెండు కొమ్మలు తినింది.

విచారణలో వాళ్ల కన్సల్టెంటు చెప్పింది వింటే తమరికే ముచ్చటేసేది. "డ్రమ్ములకి గోడ లేదు సార్, కప్పు లేదు, పునాది లేదు. అంటే కట్టడం కాదు. కట్టడమే కానప్పుడు ప్రహరీ పక్కన సెట్‌బ్యాక్ అని ఖాళీ దేనికి వదలాలి?" ఈ లెక్కన కప్పు ఎగిరిపోయిన మా పశువుల కొట్టానికి పన్ను కట్టక్కర్లేదు, అడిగి చూడాలి. ఫైరింజను తిరగడానికి వదిలిన దారిలో చెక్క ప్యాలెట్లు పేర్చారు. నిప్పంటుకుంటే ముందు కాలేది ఆ దారే. నేలంతా సిమెంటు పోశారు కాబట్టి, కార్తీక మాసం తుఫాను నీళ్లు ఇంకే చోటు లేక నేరుగా మా గట్టు తెంచుకుని వస్తాయి.

ఇవన్నీ చెబుదామనే వెళ్లాను. "అభ్యంతరాలున్నవాళ్లు చెప్పొచ్చు" అన్నారు. లేచాను. వెనక కుర్చీలోంచి ఫ్యాక్టరీ మేనేజరు ఎంతో ప్రేమగా, "ఏం మామా, ఈసారి కాయ ఎన్ని టన్నులు దిగొచ్చు?" అని అడిగాడు.

"అభ్యంతరమేం లేదు సార్" అని కూర్చున్నాను. ట్రాక్టరు క్యూలో మూడో రాత్రి పడుకునే ఓపిక నాకు లేదు. తమరు క్షమించాలి.

వచ్చే ముందు ప్లాను మళ్లీ ఒకసారి చూడనిచ్చారు. శాటిలైట్ ఫొటో పెట్టుకుని గీశామని కుర్రాడు గర్వంగా చెప్పాడు. తూర్పు వైపు వేలు పెట్టి లెక్కపెట్టాను. పన్నెండు చెట్లు. ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య ఖాళీ. అక్కడి చెట్టు మొన్నటి గాలివానకి కూలింది. దాన్ని కొట్టించి మొద్దులు అమ్మింది నేనే.

కాబట్టి తమరి యోగక్షేమాల గురించి ఇక బెంగ లేదు. మందు కొట్టడానికి, నీళ్లు పెట్టడానికి ఎంతయిందో ఈ ఉత్తరంతో బిల్లు జతచేస్తున్నాను. ఎవరికి పంపాలో తెలియక తమరికే పంపుతున్నాను.

ఇట్లు,
తమరి తూర్పు వైపు