ఓడ బొమ్మ సరే, కింద రాసింది కూడా చదవండి

పాత ఓడల ప్రింట్లు, నౌకాయుద్ధాల ప్రింట్లు సేకరించేవాళ్ళతో నాకు ఎప్పుడూ ఒకటే పేచీ. బొమ్మ చూస్తారు, దాని కింద ఉన్న తెల్ల పట్టీ చూడరు. తెరచాపలు ఎలా పొంగాయో, పొగ ఎంత దట్టంగా కమ్ముకుందో, విరిగిన కొయ్య ఎటు ఒరిగిందో గంటసేపు వర్ణిస్తారు. "ఎవరు అచ్చు వేశారు? ఏ తేదీన?" అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఫ్రేము లోపల ఆ భాగం మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాక్కుని ఉంటుంది. దాక్కుని ఉంటే అదృష్టమే. చాలాసార్లు ఎప్పుడో ఎవడో కత్తెర పెట్టి అవతల పారేసి ఉంటాడు.

నన్నడిగితే ఈ సేకరణలో బొమ్మది సగం విలువే. మిగతా సగం కింద చెక్కిన ఆ నాలుగు వరసలది. అవి లేని ప్రింటు ఎంత అందంగా ఉన్నా నేను పెద్దగా పట్టించుకోను. ఈ మాట అన్నందుకు నన్ను ఛాదస్తుడని అన్నవాళ్ళు ఉన్నారు. అననివ్వండి.

అక్కడ ఏముంటుందంటే, ఎడమ మూల బొమ్మ గీసినవాడి పేరు, కుడి మూల, అచ్చు వేయడానికి ఆ బొమ్మను రాగి రేకు మీద చెక్కినవాడి పేరు. మధ్యలో పెద్ద అక్షరాల్లో యుద్ధం పేరు, జరిగిన రోజు. దాని కింద ఏ అడ్మిరల్‌కో, ఏ కెప్టెన్‌కో వంగి వంగి దండాలు పెడుతూ ఒక అంకితం. అట్టడుగున, భూతద్దం పెడితే గానీ కనిపించనంత చిన్న అక్షరాల్లో, ప్రచురించిన తేదీ, ప్రచురణకర్త పేరు, అతని అంగడి ఉన్న వీధి. ఈ చివరి వరస ఎవరో సరదాకి పెట్టింది కాదు. తమ బొమ్మల్ని పక్క అంగడివాడు కాపీ కొట్టి అమ్ముకుంటుంటే కడుపు మండి విలియం హోగార్త్, ఆయన తోటి చిత్రకారులు పోరాడితే 1735లో బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. బొమ్మ మీద హక్కు 14 ఏళ్ళు. 1767లో దాన్ని 28 ఏళ్ళు చేశారు. ఆ రక్షణ కావాలంటే హక్కుదారు పేరు, ప్రచురించిన తేదీ రేకు మీదే చెక్కాలి. అందుకే ఆ తర్వాత వచ్చిన ఇంగ్లీషు ప్రింట్లలో చాలావాటి పుట్టినతేదీ వాటి మీదే ఉంటుంది. పాత కుర్చీ మీద దాన్ని ఏ రోజు చేశారో రాసి ఉండదు కదా! ఇంత సుఖం ఉన్న సేకరణలో కూడా ఆ తేదీని మూసేసుకుని కూర్చోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

తేదీతో ఏం పని అంటారా? బొమ్మను ఎంతవరకు నమ్మాలో అదే చెబుతుంది. 1798 ఆగస్టు 1న ఈజిప్టు తీరంలో, అబూకిర్ అఖాతంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఫ్రెంచి నౌకాదళాన్ని చావుదెబ్బ కొట్టాడు. ఆ రాత్రి ఫ్రెంచి వాళ్ళ ఫ్లాగ్‌షిప్ (అడ్మిరల్ ఉండే ఓడ) లోరియాన్ పేలిపోయింది. ఈ కబురు లండన్ చేరేసరికి అక్టోబర్ 2 అయింది. ఆ తర్వాత కొద్ది వారాల తేదీతో ఒక ప్రింటు మీ చేతికి వచ్చిందనుకోండి. గీసినవాడు లండన్‌లో కూర్చుని, అధికారిక నివేదిక చదివి, మిగతాదంతా ఊహించుకుని గీశాడని లెక్క. ఆ మంటలు ఎంత భీకరంగా ఉన్నా సరే. అలాగని దాన్ని తీసిపారేయమని నేను అనను. ఆ రోజుల్లో జనం చూసిన వార్తాచిత్రం అది, ఆ విలువ దానికి ఉంది. కానీ "యుద్ధం అచ్చం ఇలాగే జరిగింది" అని దాన్ని చూపించి పాఠం చెబితే మాత్రం ఒప్పుకోను.

ఇక ఎడమ మూల పేరు. నికొలస్ పోకాక్ అని ఉంటే నేను వెంటనే కుర్చీ ముందుకు లాక్కుంటాను. ఆయన బ్రిస్టల్ సరుకు ఓడలకు కెప్టెన్‌గా పనిచేసినవాడు, ఓడ లాగ్ పుస్తకాల్లోనే బొమ్మలు గీసుకున్నవాడు. 1794 జూన్ 1న బ్రిటిష్, ఫ్రెంచి నౌకాదళాల మధ్య జరిగిన పెద్ద యుద్ధంలో పెగాసస్ అనే ఫ్రిగేట్ (చిన్న యుద్ధనౌక) మీద ఉండి కళ్ళారా చూసినవాడు. అదే యుద్ధాన్ని లూథర్‌బర్గ్ కూడా వేశాడు. ఆయన లండన్ నాటకశాలల్లో రంగాలంకరణకు పేరుపడ్డ మనిషి. ఆ చేతివాటం బొమ్మలో కనిపిస్తుంది. వెలుగు, పొగ, నీళ్ళలో కొట్టుకుంటున్న మనుషులు, అన్నీ రక్తి కట్టిస్తాయి. ఓడలు ఉండాల్సిన చోట లేవని మాత్రం నావికాధికారులే తప్పుపట్టారు. గోడ మీద ఏది అదురుతుందంటే లూథర్‌బర్గే, సందేహం లేదు. నాకు ఏది కావాలంటే పోకాకే.

కళ్ళారా చూసినవాడంటే డచ్చి చిత్రకారులైన వాన్ డి వెల్డ తండ్రీకొడుకుల్లో పెద్దాయన గుర్తుకు రావాలి. 1666లో ఇంగ్లీషువాళ్ళకీ డచ్చివాళ్ళకీ నాలుగు రోజుల పాటు యుద్ధం జరుగుతుంటే, చిన్న పడవలో వెళ్ళి ఫిరంగుల మధ్య స్కెచ్‌లు గీసుకున్నాడు. తర్వాత కొడుకుతో సహా ఇంగ్లండ్ వెళ్ళి రెండో చార్లెస్ కొలువులో చేరాడు. 1674లో రాజు ఇద్దరికీ చెరి 100 పౌండ్ల వార్షిక జీతం ఇచ్చాడు. తండ్రి యుద్ధాలను గీయాలి, కొడుకు వాటికి రంగులు వేయాలి. ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఎడమ మూల వాన్ డి వెల్డ పేరు ఉన్నంతమాత్రాన ఆ ప్రింటు ఆయన కాలంది అయిపోదు. ఎలీషా కిర్కాల్ అనే ఇంగ్లీషు చెక్కుడుపనివాడు వాళ్ళ చిత్రాల్ని మెజోటింట్‌లో (రేకంతా గరుకు చేసి, వెలుగు కావాల్సిన చోట నున్నగా గీకే పద్ధతి) చెక్కి, సముద్రపు ఆకుపచ్చ సిరాతో అచ్చు వేసింది 1720లలో. అప్పటికి తండ్రీ లేడు, కొడుకూ లేడు. ఆ ఆకుపచ్చ ప్రింట్లంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి.

బ్రిటిష్ ఓడ షానన్, అమెరికా ఓడ చెసపీక్‌ల పోరు ఇంకా మంచి ఉదాహరణ. 1813 జూన్ 1న బోస్టన్ దగ్గర, పావుగంటలో ముగిసిపోయిన పోరు అది. దాని మీద పేరున్న లితోగ్రాఫుల (రేకు మీద కాక రాతి మీద గీసి అచ్చు వేసే ప్రింట్ల) వరుస ఒకటి ఉంది, షెట్కీ అనే చిత్రకారుడి చిత్రాల్ని చూసి వేసినది. ప్రచురించింది 1830లో, అంకితం ఇచ్చింది గెలిచిన షానన్ కెప్టెన్ బ్రోక్‌కి. పదిహేడేళ్ళ తర్వాత, గెలిచినవాడికి కానుకగా వచ్చిన బొమ్మలు ఎవరి వైపు నిలబడి చూస్తాయో వేరే చెప్పాలా? ఇదంతా కింది వరసల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ వరసలు కోసేస్తే మిగిలేది, రెండు ఓడలు కొట్టుకుంటున్న ఒక బొమ్మ.

అయినా ఎందుకు కోస్తారు? పాత ఫ్రేము ఒకటి చేతిలో ఉంటుంది, ప్రింటు అందులో పట్టదు. అంతే. ఫ్రేము కోసం ప్రింటు కోస్తారు! తర్వాత వచ్చేవాళ్ళు పుస్తకాలు విప్పి అమ్మేవాళ్ళు. 1817లో లండన్‌లో జేమ్స్ జెంకిన్స్ ప్రచురించిన బ్రిటిష్ నౌకావిజయాల పుస్తకం ఉంది. అందులో థామస్ విట్‌కోంబ్ చిత్రాల ఆక్వాటింట్లు (రేకు మీద ఆమ్లంతో సన్నటి నూగు తెప్పించి, నీటిరంగుల్లాంటి ఛాయలు వచ్చేలా వేసే ప్రింట్లు) ఉన్నాయి, చూడముచ్చటగా ఉంటాయి. ఇలాంటి పుస్తకాల్ని విప్పి, ఒక్కో బొమ్మనూ విడివిడిగా అమ్ముకుంటారు. ప్రతి బొమ్మకూ ఎదురుగా ఆ యుద్ధం గురించి అచ్చు వేసిన పేజీలు ఏమయ్యాయో దేవుడికే తెలియాలి. "లేకపోతే మామూలువాళ్ళు ఒక్క బొమ్మయినా కొనగలరా?" అని వాదిస్తారు. ఇప్పటికే విడిపోయిన పుస్తకమైతే సరే. చక్కగా బైండింగుతో ఉన్నదాన్ని విప్పేవాణ్ణి మాత్రం నేను వ్యాపారి అనను.

రంగుల గోల ఇంకోటి. నలుపు తెలుపులో పుట్టిన ప్రింటుకు ఈ మధ్య ఎవరో కూర్చుని రంగులు పూస్తారు, ధర పెంచి అమ్ముతారు. ఆక్వాటింట్లలో ఆ కాలంలోనే చేత్తో రంగులు వేసినవి బోలెడు ఉన్నాయి, వాటిని నేను అనడం లేదు. కొత్త రంగు కాస్త ఓపికగా చూస్తే దొరికిపోతుంది. కాగితం గట్టిదనం తగ్గిన చోట రంగు వెనక్కి ఇంకి మచ్చలు పడుతుంది. పాత చిరుగు మీద, మడత మీద రంగు గీతలా పేరుకుంటుంది. ఇవేమీ దొరక్కపోతే జెండాలు చూడండి. ట్రఫాల్గర్ యుద్ధంలో తన నౌకాదళమంతా తెల్ల ఎన్‌సైన్ (ఓడ వెనక ఎగరేసే జెండా) ఎగరేయాలని నెల్సన్ ఆదేశించాడు. అక్కడ బ్రిటిష్ ఓడ వెనక ఎర్ర జెండా కనిపించిందంటే రంగు వేసినవాడికి చరిత్ర తెలియదు. పాతకాలంవాడికి కూడా తెలియకపోయి ఉండవచ్చు, నిజమే. కానీ నా అనుమానం అక్కడి నుంచే మొదలవుతుంది. అలాగే బ్రిటిష్ యూనియన్ జెండాలో ఐర్లండ్ ఎర్ర ఏటవాలు గీతలు చేరింది 1801లో. 1798 నాటి యుద్ధంలో అవి ఎగురుతుంటే ఆ ప్రింటు అమ్మేవాణ్ణి రెండు ప్రశ్నలు అడగొచ్చు.

ఇక్కడ ఒకరు తప్పకుండా లేచి అంటారు: "నువ్వు నెత్తిన పెట్టుకున్న ఆ తేదీ కూడా నమ్మడానికి లేదు కదా, రేకు ఉన్నంతకాలం ఎప్పుడైనా అచ్చు వేయొచ్చు." బాగా అన్నారు. 1799 అని చెక్కిన రేకుతో ఇరవై ఏళ్ళ తర్వాత అచ్చు వేసినా దాని మీద 1799 అనే ఉంటుంది. అందుకే కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడాలి. 1794 తర్వాత ఇంగ్లీషు కాగితాల్లో వాటర్‌మార్క్‌తో (కాగితం తయారీలోనే పడే, వెలుతురులో కనిపించే గుర్తు) పాటు సంవత్సరం కూడా తరచు కనిపిస్తుంది. కింద 1799 ఉండి, కాగితంలో 1816 ఉంటే అది తర్వాతి అచ్చు, ఇక వాదన లేదు. వాటర్‌మార్క్ లేకపోతే పొగ వైపు చూడండి. ఆక్వాటింట్ రేకు అరిగేకొద్దీ ముందు పోయేది ఆ సన్నటి నూగు. ఆకాశం వెలిసిపోతుంది, యుద్ధంలో పొగ పల్చబడుతుంది. తాళ్ళ గీతలు మాత్రం ఇంకా గట్టిగానే ఉంటాయి.

ఈ కాలపు ఫొటో కాపీని పట్టుకోవడానికి కూడా నేను ముందు ఆ అక్షరాల దగ్గరికే వెళతాను. రాగి రేకు మీద చెక్కిన అక్షరంలో సిరా కాస్త ఉబ్బి ఉంటుంది, అంచు శుభ్రంగా తెగి ఉంటుంది. బొమ్మ చుట్టూ రేకు నొక్కిన పల్లం ఉంటుంది. ఆఫ్‌సెట్ కాపీలో భూతద్దం పెడితే అక్షరాలు చుక్కలు చుక్కలుగా చెదిరిపోతాయి. బొమ్మలో ఈ తేడా పట్టుకోవడం కొత్తవాళ్ళకు కష్టం, పొగ, అలలు అన్నీ చుక్కల్లాగే అనిపిస్తాయి. అక్షరం మాత్రం అబద్ధం దాచలేదు. లితోగ్రాఫులకు రేకు గుర్తు ఉండదు కాబట్టి అక్కడ ఆ పరీక్ష పనికిరాదు, కింది వరస మాత్రం పనికొస్తుంది. న్యూయార్క్‌లో లితోగ్రాఫులు అచ్చు వేసిన కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ ప్రచురణ మీద ఒక్క కరియర్ పేరే ఉంటే అది 1857కి ముందుది. ఐవ్స్ భాగస్వామి అయింది ఆ ఏడాదే.

ఒక మినహాయింపు గురించి చెప్పకపోతే పండితులు ఊరుకోరు. అక్షరాలు చెక్కకముందే తీసిన తొలి ప్రూఫులు ఉంటాయి. వాటిలో రాత ఉండదు, ముద్రణ మహా పదునుగా ఉంటుంది, వాటికి గిరాకీ ఎక్కువ. దృశ్యచిత్రాల్లోనో, పోర్ట్రెయిట్లలోనో ఆ మోజు సమర్థించుకోవచ్చు. నౌకాయుద్ధం ప్రింటు విషయంలో మాత్రం నాకు అది రుచించదు. అది ఏ ఓడో, ఏ రోజో, ఎవరి మెప్పు కోసం వేసిందో తెలియని ప్రూఫు కన్నా, అంచులు మాసి, మచ్చలు పడి, కింద ప్రతి అక్షరం చదవగలిగే మామూలు అచ్చే నాకు ముద్దు.

ఆర్థర్ మాక్‌ఫర్సన్ అనే ఆయన సుమారు 11,000 నౌకా ప్రింట్లు పోగుచేశాడు. 1928లో సర్ జేమ్స్ కేర్డ్ ఆ సేకరణ మొత్తాన్ని కొన్నాడు, అది ఇప్పుడు గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియంలో ఉంది. వాళ్ళ కాటలాగ్‌లో ఏదైనా ప్రింటు వివరాలు తెరిచి చూడండి. చిత్రకారుడు, చెక్కినవాడు, ప్రచురణకర్త, తేదీ. మనం బోర్డు కింద కప్పేస్తున్నవి ఇవే.

కాబట్టి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు, బొమ్మ వరకే కత్తిరించిన ఫొటో పెడితే, ఫ్రేములోంచి తీసి కింది పట్టీ ఫొటో పంపమని అడగండి. "ఫ్రేము విప్పితే పాడవుతుంది" అన్నవాడి దగ్గర కొనకండి. ఫ్రేము కట్టించేటప్పుడు మౌంట్ కన్నం రేకు గుర్తుకు బయటే ఉండాలని, రాత మొత్తం కనిపించాలని గట్టిగా చెప్పండి. వెనక చెక్క వద్దు, మామూలు టేపు అసలే వద్దు, ఆమ్లం లేని బోర్డే వాడమనండి. చెక్క తగిలిన చోట కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది, అది మళ్ళీ తెల్లబడదు. ఫ్రేము కట్టేవాడు "కింది భాగం మూసేస్తే నీట్‌గా ఉంటుంది సార్" అంటాడు. అందరూ అంటారు. వినకండి.