గోదావరి జిల్లాలు గెలిపిస్తాయి సరే, సభలో అడిగేదెవరు?

"ఉభయ గోదావరి ఎటు మొగ్గితే అధికారం అటే." ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఈ మాట టీవీ చర్చల్లోనూ, భీమవరం నుంచి అమలాపురం దాకా ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపిస్తుంది. చెప్పేవాళ్ల మొహంలో గర్వం కూడా ఉంటుంది. నాకు మాత్రం విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. ఎటు మొగ్గామో అందరూ లెక్క చెబుతారు. మొగ్గినందుకు మనకేం ఒరిగిందో ఒక్కరూ చెప్పరు.

2014లో పశ్చిమ గోదావరి 15కి 15 సీట్లూ టీడీపీ, బీజేపీలకు ఇచ్చింది. 2019లో పాత రెండు జిల్లాల 34 సీట్లలో 27 వైసీపీకి ఇచ్చాం. 2024లో 34కి 34 కూటమికే. ఇంతలా ఊడ్చిపెట్టి ఇచ్చే ప్రాంతం ఏ ప్రభుత్వాన్నయినా నిలదీయగలగాలి. కానీ జరిగేది దానికి పూర్తిగా ఎదురు. మన తరఫున ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిన వాళ్లంతా ప్రభుత్వం వైపే కూర్చుంటున్నారు.

రాష్ట్రం మొత్తం మీదా ఇదే కథ. 2019లో ఓడిన టీడీపీకి, 2024లో ఓడిన వైసీపీకి దాదాపు 39 శాతం చొప్పున ఓట్లు పడ్డాయి. 175 మంది ఉండే సభలో వచ్చిన సీట్లు మాత్రం టీడీపీకి 23, వైసీపీకి 11. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే అన్న పద్ధతిలో ఇలా అవుతుంది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే ఆ మిగిలిన కొద్దిమందైనా సభలో ఉండాలి కదా! 2021 నవంబరులో చంద్రబాబు గారు ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానని సభ వదిలి వెళ్లిపోయారు. 2024 తర్వాత జగన్ గారు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉన్నారు. ఇద్దరూ చేసింది తప్పే అంటాను. అవమానం జరిగితే ఆ మాట కూడా సభలో నిలబడే చెప్పాలి. వాళ్లను పంపింది అందుకే.

ఇక్కడ మనవాళ్లు చెప్పే సమాధానం ఒకటుంది. "ఎమ్మెల్యే అధికార పార్టీ వాడైతేనే పనులవుతాయండీ" అంటారు. సరే, ఏ పనులయ్యాయో చూద్దాం.

డెల్టాలో సాగునీటి కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువా అంతే. సార్వా (ఖరీఫ్) చేను కోతకొచ్చే వేళ తుఫాను పడితే నీళ్లు దిగే దారి ఉండదు. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, అడుగున పూడిక, గట్ల మీద ఆక్రమణలు. ఒరిగిన చేను నీళ్లలోనే మొలకెత్తుతుంటే రైతు గట్టు మీద కూర్చుని చూడాల్సిందే. ధాన్యానికి గిట్టుబాటు ధర లేక, పెట్టుబడి భరించలేక 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు. అన్నపూర్ణ అని పేరున్న నేలలో నాట్లు వేయబోమన్నారంటే ఎంత కడుపు కాలి ఉండాలి? ఆ తర్వాత మూడు అసెంబ్లీ ఎన్నికలు అయ్యాయి. పార్టీలు మారాయి. డ్రెయిన్లు అలాగే ఉన్నాయి. కనకాయలంక కాజ్‌వే వరద వచ్చిన ప్రతిసారీ మునుగుతూనే ఉంది, జనం పడవలెక్కుతూనే ఉన్నారు. ఈ మధ్యలో ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అధికార పార్టీ వాళ్లే కదా, మరి?

కౌలు సంగతి ఇంకా అన్యాయం. మా వైపు చేలో దిగి చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం వాళ్లకు కార్డు ఇస్తామంది, కానీ భూయజమాని సంతకం ఉండాలంది. సంతకం పెడితే భూమి మీద హక్కు ఎక్కడ పోతుందోనన్న టెన్షన్ యజమానిది. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది చేను వేరేవాళ్లకు ఇచ్చేస్తాడేమోనన్న భయం కౌలుదారుది. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు రాదు, పంట పోయినా పరిహారం చేతికందదు. ఇది కలెక్టరు గారో, తహసీల్దారు గారో మార్చగలిగేది కాదు. శాసనసభలో చేసిన చట్టాన్ని శాసనసభే మార్చాలి. అసలు ఎమ్మెల్యే పని ఇదే. మనమేమో ఆయన దగ్గరికి పింఛను కోసం, ట్రాన్స్‌ఫర్ కోసం, స్టేషన్‌లో మాటసాయం కోసం వెళ్తాం.

అధికార పార్టీ ఎమ్మెల్యేకి నోరు ఉండదనే మాట కూడా ఒప్పుకోను. 1985లో తెచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించి ఓటేస్తే పదవి పోతుంది. ప్రశ్నోత్తరాల్లో లేచి "మా డ్రెయిన్ పూడిక ఎప్పుడు తీస్తారు?" అని మంత్రిని అడిగితే పోతుందని ఆ చట్టంలో ఎక్కడా లేదు. టికెట్ పోతుందన్న భయం ఉంటే ఉండొచ్చు. ఆ భయం కన్నా మనమంటే భయం ఎక్కువుండాలి ఆయనకి.

ఆ భయం ఎందుకు లేదో అందరికీ తెలుసు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని పరిమితి. పోలింగ్‌కి ముందు రెండు రాత్రులు వీధుల్లో ఏం జరుగుతుందో చూసినవాళ్లెవరూ ఆ లెక్క నమ్మరు. రోజు కూలికి వెళ్లే ఆవిడ డబ్బు కవరు తీసుకుంటే నేను వేలెత్తి చూపను. రెండంతస్తుల మేడ, పది ఎకరాల చెరువులు ఉన్న ఆసామి కూడా "మా ఇంటికి ఇంకా రాలేదేంటి?" అని ఫోన్ చేయిస్తున్నాడే, ఆయన మీదే నా కోపమంతా. ఆయన నోరు విప్పితే ఊరు వింటుంది, ఎమ్మెల్యే కూడా వింటాడు. ఆ నోటినే అమ్ముకుంటున్నాడు.

వచ్చే ఎన్నికల దాకా ఆగక్కర్లేదు. మీ ఎమ్మెల్యే ఊళ్లోకి శంకుస్థాపనకో, పెళ్లికో వస్తారు కదా. ఫోటో దిగండి, తప్పులేదు. దిగాక మాత్రం, పోయిన సమావేశాల్లో మన డ్రెయిన్ గురించి, కౌలు కార్డు గురించి సభలో ఏం అడిగారని నలుగురి ముందూ అడగండి. "అడగలేదు" అంటే వచ్చే సమావేశాల్లో ఏ ప్రశ్న వేస్తారో అక్కడే చెప్పమనండి. మా ఊళ్లో నేను అడగబోతున్నాను, ఆయనకి ఓటేసిన వాళ్లనీ వేయని వాళ్లనీ కలిపి వెంట తీసుకెళ్లి.